టమాటా గట్టిదనము - ఒక్క జన్యువు పని కాదు

అంగడిలో టమాటాలు కొనువారు కంటిచూపుతో తృప్తి చెందరు. పండును చేతిలోనికి తీసుకొని బొటనవ్రేలితో మెల్లగా నొక్కి చూతురు. లొత్త పడినచో ప్రక్కన పెట్టి, గట్టిగా ఉన్నదానిని ఏరుకొందురు. రైతు కష్టమునకు వెల కట్టునది ఆ నొక్కే. మదనపల్లె వంటి పెద్ద విపణి నుండి దూరపు పట్టణములకు లారీలలో పోవు పండ్లలో అడుగున ఉన్నవి పైబరువునకు నలిగినచో, వాటి రసము తగిలి ప్రక్కవి కూడ కుళ్ళిపోవును. కనుక పండు రుచి ఎంత ముఖ్యమో, గట్టిదనము కూడ రైతుకు అంత ముఖ్యము. ఈ గుణమును శాసించు జన్యువు ఏది అను ప్రశ్న శాస్త్రజ్ఞులను చిరకాలము వేధించినది.

కాయ గట్టిగా ఉండుటకు ముఖ్యకారణము దాని కణముల గోడలు. ఇటుకకు ఇటుకకు నడుమ సున్నము వలె, కణమునకు కణమునకు నడుమ పెక్టిన్ అను పదార్థము బంధముగా ఉన్నది. జామపండ్ల రసమును చక్కెరతో కాచి చల్లార్చినపుడు అది జెల్లీగా పేరుకొనుట ఈ పెక్టిన్ వలననే. కాయ పక్వమగునపుడు ఇథిలీన్ అను వాయువు దాని లోపలనే పుట్టును. మామిడికాయలను గడ్డిలో మాగవేసినపుడు పనిచేయునది కూడ ఈ వాయువే. దాని ప్రేరణచే రంగు మారును. తీపియు వాసనయు కలుగును. అదే సమయమున కొన్ని ఎంజైములు పుట్టి కణముల గోడలను సడలించును. పండు మెత్తబడును. ప్రకృతి దృష్టిలో ఇది లోపము కాదు. మెత్తని పండును తిను పక్షులు, జంతువులు విత్తనములను వెదజల్లును. మొక్కకు మేలైనదే లారీలో కీడైనది.

ఆ ఎంజైములలో పాలీగెలాక్టురోనేజ్ అను దానిపై మొదట అందరి దృష్టియు పడినది. పచ్చికాయలో అది దాదాపు కనిపించదు. పండులో సమృద్ధిగా పుట్టి పెక్టిన్‌ను ముక్కలు చేయును. నేరము దానిదే అని తోచుట సహజము. 1988లో ఇంగ్లాండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ బృందమును, కాలిఫోర్నియాలోని కాల్జీన్ సంస్థ వారును వేరువేరుగా ఒకే ఉపాయము ప్రకటించినారు. ఆ ఎంజైము జన్యువు ప్రతినే తలక్రిందుగా మొక్కలో చేర్చినారు. సహజ జన్యువు పంపు సందేశమును ఈ తలక్రిందు సందేశము పెనవేసుకొని నిరర్థకము చేయును. ఎంజైము దాదాపు అంతరించినది. పండు మాత్రము ఇంచుమించు యథాప్రకారము మెత్తబడినది!

మరుసటి సంవత్సరమే దీనికి విలోమమైన ప్రయోగము వెలువడినది. 1968లో రాబిన్సన్, టోమ్స్ అను శాస్త్రజ్ఞులు 'రిన్' అను మార్పు గల టమాటాను వర్ణించి ఉండిరి. దాని కాయ ఎర్రబడదు, మెత్తబడదు. జియోవనోని, ఆయన సహచరులు 1989లో ఆ కాయలో పాలీగెలాక్టురోనేజ్‌ను పుట్టునట్లు చేసినారు. పెక్టిన్ విచ్ఛిన్నమైనది, కాయ మాత్రము మెత్తబడలేదు. ఈ రెండు ప్రయోగములను ప్రక్కప్రక్కన ఉంచి చూచిన విద్యార్థికి తర్కము తేటపడును. ఎంజైము లేకున్నను పండు మెత్తబడుచున్నది. ఉన్నను కాయ మెత్తబడుట లేదు. కావున ఆ ఒక్కటియే కారణమనుట చెల్లదు.

అయినను విపణి ఆగలేదు. చెట్టుననే కొంత పండి, రుచి నిలిచి, త్వరగా పాడు కాని పండును ఇత్తుమని కాల్జీన్ వారు 'ఫ్లేవర్ సేవర్' టమాటాను సిద్ధపరచినారు. 1994 మే నెలలో అమెరికా ప్రభుత్వపు అనుమతి లభించినది. జన్యువులను మార్చిన ఆహారపు పంటలలో విపణికి వచ్చిన మొదటి పండు అదియే. కాని కోతకును, దూరప్రయాణమునకును తట్టుకొనునంత గట్టిదనము దానికి రాలేదు, ఖర్చులు పెరిగినవి, 1997 నాటికి అమ్మకము ముగిసినది.

మొక్కల పెంపకపుదారులు వేరొక మార్గము త్రొక్కినారు. రిన్ మొక్కను మామూలు మొక్కతో సంకరము చేసినచో, ఆ సంకరపు పండు నెమ్మదిగా పండి వారముల తరబడి నిలువ ఉండును. అయితే దానికి మూల్యము కలదు. రిన్ స్థానమునందలి జన్యువు పండుట అను వ్యవహారమునే నడుపునదని 2002లో తేలినది. అట్టి అధికారిని అడ్డగించినపుడు మెత్తబడుటతో పాటు రంగు, వాసన, రుచి కూడ కుంటుపడును. ఎలుకలకు జడిసి ఇల్లు తగులబెట్టుకొన్నంత కాకున్నను, ఆ దారి కొంత అటువంటిదే.

అందుచేత అధికారిని విడిచి, అతని క్రింద పనిచేయు చేతులను ఒక్కొక్కటిగా వెదకవలసి వచ్చినది. 2010లో న్యూఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు పరిశోధన సంస్థ వారు, మాంసకృత్తులకు అంటియున్న చక్కెర గొలుసులను త్రుంచు రెండు ఎంజైములను అణచి, పండ్లు సుమారు 30 దినములు అధికముగా నిలుచునట్లు చేసినారు. 2016లో నాటింగ్‌హామ్‌కు చెందిన సేమూర్ బృందము పెక్టేట్ లయేజ్ అను వేరొక ఎంజైమును అణచినపుడు పండు గట్టిపడినది. రంగు, రుచి చెడలేదు. ఇరువది యెనిమిది సంవత్సరముల క్రిందట విఫలమైన చోటనే ఈ జయము లభించినది. రెండు ఎంజైములును పెక్టిన్‌నే త్రుంచునవి. కాని ఒకటి లేని కొరత పండుకు తెలియలేదు, రెండవది లేని కొరత తెలిసినది.

తరగతిలో గుణమునకు ఒక జన్యువు అని బఠానీల పాఠముతో మొదలిడుట న్యాయమే. అచ్చటనే ఆగుట న్యాయము కాదు. రైతుకు గట్టిదనమును, తినువానికి రుచిని ఒకే పండులో కూర్చవలెనన్నచో, పండించు జన్యువులేవి, మెత్తబరచు జన్యువులేవి అని వేరుపరచి తెలిసికొనవలెను. 1988లో వచ్చిన 'కాదు' అను సమాధానము ఆ వెదకులాటకు దారి చూపినది. బొటనవ్రేలి క్రింద నలుగక నిలిచిన పండు వెనుక ఇంత వెదకులాట కలదు.