పొదిగే పెట్టను అమ్ముకోవద్దు
పది పిల్లలు దిగినా నాలుగు మిగలకపోవడానికి కారణాలెన్నో

గజపతినగరం: మెట్ట గ్రామాల్లో ఇల్లాలి చేతికి నేరుగా అందే సొమ్ములో నాటుకోడిదే ముందు వరుస. ధాన్యం డబ్బు ఎరువుల బాకీకి పోతుంది. పాల డబ్బు ఇంటి ఖర్చులో కలిసిపోతుంది. కోడిని అమ్మిన డబ్బు మాత్రం ఆమె కొంగున ముడిపడుతుంది. పిల్లల పుస్తకాలు, మందుబిళ్లలు, పండక్కి బట్టలు అందులోంచే రావాలి. సంక్రాంతి దగ్గరపడితే నాటుపుంజుకు బాయిలర్ కోడి ధర ఏ మూలకూ రాదు.

అయినా ఏ వీధిలో అడిగినా ఒకటే మాట. గంపెడు పిల్లలు దిగుతాయి, పెద్దవయ్యేసరికి రెండో మూడో మిగులుతాయి. గద్ద తన్నుకుపోయిందని కొందరు, తెగులు తగిలిందని కొందరు, అసలు గుడ్లే మురిగిపోయాయని ఇంకొందరు చెబుతారు. ఇందులో చాలా నష్టం చేతిలో ఉన్న పనితోనే తప్పించుకోవచ్చు. ఆ పని పెట్టను ఎంచుకోవడంతో మొదలవుతుంది.

పొదిగే గుణం అన్నిటికీ ఉండదు

ఫారం కోడి గుడ్డు పెడుతుందే గాని పొదగదు. పొదుగుకు వచ్చిన కోడి గుడ్లు మానేస్తుంది కాబట్టి, ఎక్కువ గుడ్లు కావాలనుకున్న వాళ్లు తరతరాలుగా పొదగని కోళ్లనే ఏరి పెంచారు. తెల్ల లెగ్‌హారన్ జాతి అలా తయారైందే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో 1988లో ఏర్పడిన కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి వనరాజ, గ్రామప్రియ రకాలను తయారు చేసింది. అవి నాటుకోడి కంటే త్వరగా బరువు పెరుగుతాయి, గుడ్లూ ఎక్కువే పెడతాయి. అయితే పొదగడం వాటి పని కాదు. వాటి గుడ్లను కూడా నాటుపెట్ట కిందే పెట్టుకోవాలి. అలాంటి పుంజులతో నాటుపెట్టలను కలుపుతూ పోతే పుట్టే పెట్టల్లో పొదిగే గుణం తగ్గిపోతుంది. చుట్టాలొచ్చారని మంచి పొదుగు కోడిని కోసుకుంటే మరుసటి ఏడాది గంపలో కూర్చునే కోడి ఉండదు.

ఏ పెట్టను పొదగేయాలి

మొదటిసారి గుడ్డుపెట్టిన పడుచుపెట్ట కంటే ఒక ఈడు పొదిగి పిల్లలను తిప్పిన పెట్ట నయం. ఒంటి బరువు కిలోన్నర నుంచి రెండు కిలోల దాకా ఉండాలి. రొమ్ము వెడల్పుగా, ఈకలు ఒత్తుగా ఉండాలి. అసీల్ పెట్టలు తల్లులుగా పేరుపడ్డవే. గద్ద మీదకు కూడా ఎగురుతాయి. కాని మరీ బరువైన పెట్ట కింద గుడ్లు చిట్లే ప్రమాదం ఉంది.

పొదుగుకు వచ్చిన పెట్ట గూట్లోంచి లేవదు. చెయ్యి పెడితే ఈకలు ఉబ్బించి కొర్రుమంటుంది, పొడుస్తుంది. తురాయి ఎరుపు తగ్గుతుంది. రొమ్ము కింద ఈకలు రాలి చర్మం వేడిగా తగులుతుంది. ఇదంతా ఒంట్లో ప్రోలాక్టిన్ అనే హార్మోను పెరగడం వల్ల జరిగే మార్పు. ఈ లక్షణాలు చూసి ఆ పూటే గుడ్లు పెట్టేయకూడదు. రెండు పాత గుడ్లు కింద పెట్టి రెండు రాత్రులు చూడాలి. చీకటి పడ్డాక కూడా కదలకుండా కూర్చుంటే అప్పుడు నమ్మవచ్చు.

రెక్కల కింద, తోక మొదట్లో పేలు ఉన్నాయేమో వెతకాలి. పేలు పట్టిన పెట్ట పది రోజులు కూర్చుని ఆ బాధ ఓర్వలేక గుడ్లు వదిలేస్తుంది. అప్పటికి పిండం సగం ఎదిగి ఉంటుంది. మొత్తం విడత పోతుంది. పేలకు వెనకటి రోజుల్లో గమాక్సిన్ పొడి చల్లేవారు. ఆ మందును 1997లోనే నిషేధించారు. ఎక్కడైనా పాత డబ్బా మిగిలి ఉన్నా వాడకూడదు. పొదగేయడానికి వారం ముందే పెట్టను పొడి బూడిద, ఇసుక కలిపిన గుంటలో పొర్లనివ్వాలి. అప్పటికీ తగ్గకపోతే పశువైద్యశాలలో అడగాలి.

గుడ్లు ఎలాంటివి

పుంజు తొక్కని గుడ్డు పొదగదు. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు సరిపోతుంది. కొత్త పుంజును తెచ్చి వదిలితే వారం, పది రోజులు ఆగి గుడ్లు పోగు చేయాలి. మరీ పెద్దవి, మరీ చిన్నవి, గుండ్రంగా ఉన్నవి, బీట వారినవి తీసేయాలి. గుడ్డును నీళ్లతో కడగకూడదు. పెంకు మీద ఉండే సన్నని పొర పోయి లోపలికి క్రిములు చేరతాయి. మట్టి ఉంటే పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

వారం దాటిన గుడ్డు వద్దు. ఎండాకాలంలో అయితే మూడు, నాలుగు రోజులకు మించి నిలవ పెట్టకూడదు. పెంకుటింట్లో, రేకుల కింద వేడికి గుడ్డులో పిండం కాస్త కదిలి, తగినంత వేడి చాలక అక్కడే చచ్చిపోతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, పొదిగితే మురుగుతుంది. చైత్ర, వైశాఖాల్లో పొదగేసిన గుడ్లు ఎక్కువగా పోవడానికి ఇదొక కారణం. నీళ్లకుండ పక్కన తడి ఇసుక మీద బుట్ట పెట్టి, వెడల్పు కొన పైకి ఉండేలా గుడ్లు ఉంచితే చల్లగా ఉంటాయి.

మధ్యరకం పెట్టకు పది, పన్నెండు గుడ్లు చాలు. ఆశకు పోయి పద్దెనిమిది పెడితే అంచున ఉన్నవి చల్లబడతాయి. అటూ ఇటూ దొర్లి మధ్యవి కూడా అంచుకు వచ్చి పాడవుతాయి. అన్నీ ఒకే రోజు, సాయంత్రం చీకటి పడ్డాక పెట్టాలి. ప్రతి గుడ్డు మీద పెన్సిల్‌తో గీత పెట్టుకుంటే, తర్వాత వేరే పెట్ట వచ్చి పెట్టిన గుడ్డు తెలిసిపోతుంది, తీసేయవచ్చు.

ఇరవై ఒక్క రోజులు

వెడల్పు వెదురు బుట్టలో అడుగున బూడిద కలిపిన మన్ను పరిచి, మధ్యలో కాస్త పల్లంగా నొక్కి, పైన ఎండుగడ్డి వేయాలి. గడ్డి కింద ఎండిన వేపాకు వేసేవారూ ఉన్నారు. కుక్కలు, పిల్లులు, ఎలుకలు చేరని చీకటి మూల చూసి పెట్టాలి. పెట్టను మాటిమాటికీ లేపి చూడకూడదు. గుడ్లు తిప్పే పని కూడా అదే చేసుకుంటుంది.

రోజుకు ఒక్కసారి పావుగంట, ఇరవై నిమిషాలు బయటికి రావాలి. తనంతట లేవకపోతే రెక్కల కింద గుడ్డు ఇరుక్కుందేమో చూసి మెల్లగా ఎత్తి దించాలి. చోళ్లు, వడ్లు, జొన్నలు వంటి గట్టి గింజలు, మంచినీళ్లు పెట్టాలి. తడి తవుడు పెడితే పలచగా పారుకుని గంప పాడుచేస్తుంది.

ఏడో రోజు రాత్రి టార్చిలైటుకు అట్టముక్క అడ్డం పెట్టి, చిన్న రంధ్రం మీద గుడ్డు ఆనించి చూడాలి. సాలెగూడులా ఎర్రని నరాలు కనిపిస్తే పిండం ఎదుగుతోంది. ఏమీ లేకుండా తేటగా ఉంటే వట్టిది. నరాలు లేక ఎర్రటి వలయం ఒక్కటే ఉంటే పిండం చచ్చిపోయింది. ఈ రెండు రకాలూ తీసేయాలి. ఒకే రోజు రెండు పెట్టలను పొదగేస్తే, వట్టి గుడ్లు తీశాక మిగిలినవి ఒకదాని కిందకు సరిపోవచ్చు. రెండోదానికి కొత్త గుడ్లు పెట్టుకోవచ్చు. పద్దెనిమిదో రోజు తర్వాత ఇక గుడ్లు ముట్టకూడదు.

బాతు గుడ్లకు 28 రోజులు కావాలి. వాటిని కోడిగుడ్లతో కలిపి ఒకేసారి పెడితే, కోడిపిల్లలు దిగగానే పెట్ట లేచిపోతుంది, బాతు గుడ్లు పాడవుతాయి.

ఉరుములకు గుడ్లు చెడతాయని గంపలో ఇనపముక్క, బొగ్గు, ఎండు మిరపకాయ వేయడం మన వైపు ఆచారం. వేస్తే నష్టమేమీ లేదు, కాని గుడ్డును కాపాడేది అది కాదు. ఉరుములు వచ్చే రోజులు ఉక్కపోత రోజులు. నిలవ గుడ్లు, తడిసిన గంప, బెదిరి లేచిన పెట్ట వల్లే ఆ విడత చెడుతుంది.

పెంకు ఒలవకండి

ఇరవై ఒకటో రోజున పిల్ల ముక్కుతో పెంకును పగలగొడుతుంది. పగులు వచ్చాక బయటపడటానికి ఒక పూట పట్టవచ్చు, రోజంతా పట్టవచ్చు. జాలిపడి పెంకు ఒలిస్తే రక్తం కారి పిల్ల చచ్చిపోతుంది. పిల్ల కడుపులో మిగిలిన పచ్చసొన రెండు రోజుల ఆకలికి సరిపోతుంది. కాబట్టి మేత పెట్టాలని తల్లిని తొందరగా దించనక్కర్లేదు. అన్నీ దిగాక పెంకులు, మిగిలిన గుడ్లు తీసేయాలి.

మొదట ఇవ్వాల్సింది నీళ్లు. మూకుడులో గులకరాళ్లు వేసి నీళ్లు పోస్తే పిల్లలు మునగవు. నూకలు ఒక్కటే పెడితే కాళ్లలో సత్తువ ఉండదు. నూకలు, చోళ్ల పిండి, బూజు పట్టని వేరుశనగ చెక్క, ఎండు చేపల పొడి కలపాలి. పాత కుండలో గడ్డి, పేడ కూరి నీళ్లు చిలకరించి, చెదలున్న చోట బోర్లిస్తే మర్నాటికి చెదలు చేరతాయి. పిల్లలకు అంతకన్నా మంచి మాంసకృత్తుల మేత లేదు.

తల్లి మేతనంతా తినేస్తుంది. గంపను రాళ్ల మీద కాస్త ఎత్తి బోర్లిస్తే పిల్లలు దూరి లోపల మేత తింటాయి, తల్లి దూరలేదు. మొదటి రెండు వారాలు వాకిట్లోనే తిప్పాలి. మంచు ఆరే దాకా వదలకూడదు. గద్ద ఎత్తుకుపోయేవి కనిపిస్తాయి, వానకు తడిసి చచ్చేవి లెక్కకు రావు.

ఒక సీసా, పది ఇళ్లు

అన్నిటికన్నా పెద్ద దెబ్బ కొక్కెర తెగులు. ఊళ్లోకి వస్తే గంపలకు గంపలు ఖాళీ అవుతాయి. దీనికి మందు లేదు, టీకా ఒక్కటే దారి. ఐదు నుంచి ఏడు రోజుల పిల్లకు కంట్లో ఒక చుక్క లసోటా వేయించాలి. ఎనిమిదో వారంలో సూదిమందు వేయించాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది. టీకా సీసా సాధారణంగా వంద కోళ్లకు సరిపడా వస్తుంది. కలిపాక ఐసులో ఉంచి గంట, రెండు గంటల్లో వాడేయాలి. ఒక ఇంట్లో పది పిల్లలుంటే వాటి కోసం సీసా విప్పడం దండగ అనుకుంటారు. అందుకే పల్లెల్లో టీకా పడటం లేదు. దీనికి ఖర్చులేని ఉపాయం ఉంది. వీధిలో పది ఇళ్ల వాళ్లు మాట్లాడుకుని ఒకే వారంలో పొదగేస్తే పిల్లలన్నీ ఒకే వారంలో దిగుతాయి. ఒక్క సీసా అందరికీ సరిపోతుంది. మహిళా సంఘం సమావేశంలో తేదీ అనుకుంటే చాలు. ముందుగా చెబితే పశువైద్య సిబ్బంది ఒక్క పూటలో పని ముగించుకు వెళతారు.

ఏడాదికి ఇంకో విడత

గుడ్లు పెట్టడానికి ఇరవై రోజులు, పొదగడానికి 21, పిల్లలను తిప్పడానికి రెండున్నర నెలలు. ఇలా లెక్కేస్తే ఏడాదికి మూడు విడతలే. పిల్లలకు ఆరు వారాలు నిండగానే తల్లి నుంచి విడదీసి, రాత్రిళ్లు గట్టి గూట్లో వేస్తే నాలుగో విడత కూడా అందుతుంది. గూడు లేనివాళ్లు ఆ ఆశకు పోకపోవడమే మేలు.

ఇక గుడ్లు లేకుండానే పొదుగుకు వచ్చిన పెట్టను నీళ్లలో ముంచడం, ముక్కులో ఈక గుచ్చడం వంటివి చేస్తుంటారు. ఆ హింస అక్కర్లేదు. గాలి కిందనుంచి తగిలేలా ఎత్తుగా పెట్టిన కమ్మీల గూట్లో మేత, నీళ్లు పెట్టి నాలుగైదు రోజులు ఉంచితే పొదుగు విడుతుంది.

ఒక పెట్ట ఈ విడతలో ఎన్ని గుడ్లకు ఎన్ని పిల్లలు దించింది, అందులో ఎన్ని రెండు నెలలు దాటాయి అని గోడ మీద బొగ్గుతో రాసుకుంటే చాలు. రెండు విడతలు చూస్తే ఏది ఉంచుకోవాలో, ఏది సంతకు పంపాలో ఆ గీతలే చెబుతాయి. ఈ సంక్రాంతికి కత్తి పట్టే ముందు ఆ గోడ వైపు ఒకసారి చూడటం మంచిది.