రాజు కన్నా లిస్టు రాసేవాడే పెద్ద

రాత్రి పదకొండు దాటితే మా హాస్టల్లో ఒక రాజ్యం మొదలవుతుంది. గేమ్ పేరు రైజ్ ఆఫ్ కింగ్‌డమ్స్. ఆడనివాళ్ళ కోసం అందులో ప్రభుత్వం ఎలా నడుస్తుందో ముందు చెప్తాను.

ఆటగాళ్ళంతా కలిసి అలయన్సులు కడతారు. అలయన్సులో ఆర్1 నుంచి ఆర్5 దాకా ర్యాంకులుంటాయి. ఆర్5 ఒక్కడే, అతనే లీడర్. ఆర్4లు ఆఫీసర్లు. మ్యాప్ మధ్యలో ఉన్న లాస్ట్ టెంపుల్‌ని పట్టుకున్న అలయన్సు లీడర్ రాజవుతాడు. రాజు టైటిళ్ళు ఇస్తాడు. ఆర్కిటెక్ట్ అయితే కట్టడాలు త్వరగా లేస్తాయి, సైంటిస్ట్ అయితే రీసెర్చ్ త్వరగా అవుతుంది. ఒక టైటిల్ ఒకసారికి ఒక్కరికే. అందుకని అందరూ వరసలో ఉండి, రెండు నిమిషాలు వాడుకుని పక్కవాడికి వదిలేస్తారు.

ఆ వరస రాసే పని నాది. నిజం చెప్పాలంటే, రెండు మూడుసార్లు మా రూమ్మేట్ పేరు ముందుకి జరిపాను. రాజుని ఎవరూ ఏమీ అడగలేదు. అందరూ నన్నే అడిగారు, "అన్నా, నా పేరెక్కడ?" అని. ఒక జూనియర్ అడిగి అడిగి గేమే మానేశాడు.

సంక్రాంతికి మా ఊరు మొగల్తూరు వెళ్ళినప్పుడు తాతయ్యకి ఇదంతా చెప్పాను. "ఓరి నీ! అయితే నువ్వు కరణంగారివన్నమాట" అని నవ్వారు.

ఆ మాట నాకు అర్థం కావడానికి ఊరి చరిత్ర కొంచెం కావాల్సి వచ్చింది. మొగల్తూరు కలిదిండి వంశపు జమీందార్ల ఊరు. వాళ్ళ పైన ఒకప్పుడు గోల్కొండ, తర్వాత నిజాం. 1766లో నిజాంతో ఒప్పందం కుదిరి ఉత్తర సర్కార్లు ఈస్టిండియా కంపెనీకి వెళ్ళాయి. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చాక జమీందార్లు ఏటా ఇంత అని కంపెనీకి పేష్కష్ కట్టాలి. కింద ఊళ్ళో మునసబు శిస్తు వసూలు చేసేవాడు, కరణం లెక్క రాసేవాడు, తలారి కాపలా కాసేవాడు. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి, కరణం మాత్రం ఉన్నాడు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణం పదవులు తీసేసింది. మరుసటేడు మండలాలొచ్చాయి.

"పైన ఎవరున్నారో మాకేం తెల్సురా? దస్త్రంలో పేరెక్కిందా లేదా, అదే మాకు కావాల్సింది" అన్నారు తాతయ్య.

ఇప్పుడు కలెక్టర్ భీమవరంలో, ఆర్డీవో నర్సాపురంలో, తహసీల్దారు, వీఆర్వో మా ఊళ్ళోనే. దస్త్రం కంప్యూటర్లోకెక్కింది. నాన్న చేసేది కౌలు వ్యవసాయం. 2019 చట్టం ప్రకారం కౌలుదారుకి పదకొండు నెలల కార్డు ఇస్తారు, కానీ భూయజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. మా యజమాని పెట్టలేదు. ఆ ఏడాది చేను నీట మునిగింది. పెట్టుబడి నాన్నది, లిస్టులో పేరు ఆయనది. పరిహారం పేరు చూసుకునే వెళ్ళింది.

సెలవులయ్యి వచ్చాక టైటిల్ వరసని అందరికీ కనబడేలా ఒక షీట్‌లో పెట్టాను, ఎవరు ఏ టైముకి అడిగారో పక్కనే రాస్తూ. మానేసిన జూనియర్ని వెళ్ళి పిలిచాను. ఇంకా రాలేదు. మా రూమ్మేట్ ప్రస్తుతం ఏడో నంబరు, నాతో మాట్లాడట్లేదు.