పద్యానికి కాపలా పదిహేడు

చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు - ఇలా రెట్టిస్తూ అరవైనాలుగు గళ్ళూ నింపమన్న కథ మీ ఇంట్లో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. రాజుగారి గాదెలు చాలలేదని కథ ముగిస్తారే కాని, మొత్తం ఎన్ని గింజలో చెప్పరు. చెప్పిన తెలుగు పద్యం ఒకటుంది.

మహావీరాచార్యుల సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెనిగించిన పావులూరి మల్లన పేర ప్రచారంలో ఉన్న చంపకమాల అది. ఆ మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు! వాటిని మాటల్లో కూర్చాడు కవి. చంద్రుడంటే ఒకటి, వేదాలు నాలుగు, మన్మథుడి శరాలు ఐదు, కొండలు ఏడు, ఏనుగులు ఎనిమిది, ఆకాశం సున్న. ఒకట్ల స్థానంతో మొదలుపెట్టి ఎడమవైపుకు చదువుకుంటూ పోవాలి.

బి.ఎస్సీ. తరగతిలో ఈ పద్యం చెబుతుంటే వెనుక బెంచీ కుర్రాడొకడు లేచి, "మాష్టారూ, తాటాకు మీద ఎక్కించేవాడు ఒక మాట మార్చి రాసి ఉంటే మనకెలా తెలుస్తుందండీ?" అన్నాడు.

చొప్పదంటు ప్రశ్న కాదది. గణం తప్పితే ఛందస్సు పట్టిస్తుంది, నిజమే. కాని నాలుగో మాట 'చంద్ర'కు బదులు 'వేద' అని పడిందనుకోండి. రెండూ ఒక గురువు, ఒక లఘువు. అక్కడ యతీ లేదు, ప్రాసా లేదు. పద్యం హాయిగా నడిచిపోతుంది. గింజలు మాత్రం మూడువేలు పెరుగుతాయి!

ఛందస్సుకు అందని ఆ దొంగను పట్టాలంటే సంఖ్యను విడగొట్టి దాని కారణాంకాలు చూడాలి. అరవైనాలుగు రెళ్ళను హెచ్చవేసి ఒకటి తీసేస్తే వచ్చేదే మన సంఖ్య. చిన్నవాటితో చూడండి. 16లో ఒకటి తీస్తే 15, అది 3×5. 256లో ఒకటి తీస్తే 255; అది 15×17. 65,536లో ఒకటి తీస్తే 255×257. ఇలా మెట్టు మెట్టుగా ఎక్కితే 3, 5, 17, 257, 65,537, చివరకు 429,49,67,297 వస్తాయి. ఈ ఆరింటినీ హెచ్చవేస్తే గింజల మొత్తం.

మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలు. ఆరోదీ అంతేనని 17వ శతాబ్దిలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641 × 67,00,417గా చీల్చి చూపాడు. ఆ సంఖ్యను నిశ్శేషంగా భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా, దాన్ని 64తో భాగిస్తే 1 మిగలాలి. ఆ వరసలో 193, 257, 449, 577 దాటగానే తగిలేది 641. ఇంత చేరువలో ఉన్నదాన్ని ఫెర్మా అంతవాడు ఎలా వదిలాడో!

ఇక మన దొంగ సంగతి. చివర 5 ఉంది కనుక ఐదు ఏమీ అనదు. అసలు అంకెల మొత్తం 87. 'వేద' పడితే 90. రెండూ మూడుతో పోతాయి, కనుక మూడూ మోసపోయింది. పదిహేడుతో భాగించండి: 8 మిగులుతుంది. దొరికాడు!

ఇది కాకతాళీయం కాదు. ఏ ఒక్క అంకె మారినా వచ్చే తేడా, 1 నుంచి 9 వరకు ఏదో ఒక అంకె, దాని వెనుక కొన్ని సున్నలు. అటువంటిది పదిహేడుతో ఎన్నటికీ నిశ్శేషంగా పోదు. పక్కపక్కనున్న రెండు వేర్వేరు అంకెలు తారుమారైనా అంతే. రెండు మూడు తప్పులు కూడబలుక్కుని వస్తే పదిహేడు కూడా ఏమారవచ్చు. అప్పటికి 257, 641 వంటి తక్కిన కాపలాదార్లున్నారు.

ఆ కుర్రాడు బల్ల దగ్గరకు వచ్చి సుద్దముక్క తీసుకుని భాగహారం మొదలుపెట్టాడు. పదిహేడో ఎక్కం రానివాళ్ళు పక్కవాళ్ళను అడుగుతున్నారు. గంట కొట్టేవేళకు లబ్ధం 10,85,10,25,92,57,11,50,095, శేషం సున్న.