డిస్క్ ఎందుకు మొత్తుకుంది?

మాది హార్డ్‌వేర్ షాపు. ఇక్కడ హార్డ్‌వేర్ అంటే మేకులు, బందులు, పెయింట్ డబ్బాలు. ఆ షాపు లెక్కలన్నీ మా ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌లో ఉంటాయి. 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. పోయిన వేసవి సెలవుల్లో నేను దాని మీద బిట్‌కాయిన్ ఫుల్ నోడ్ రన్ చేశాను. రెండో రోజుకే డిస్క్ కిర్రు కిర్రుమనడం మొదలుపెట్టింది. నాన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికి ఐదు నిమిషాలు పట్టింది. "ఏం చేశావురా దీన్ని?" అన్నారు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఫుల్ నోడ్ అంటే మైనింగ్ కాదు. మైనింగ్‌కి ప్రత్యేకమైన మెషీన్లు కావాలి, కరెంటు బిల్లు వాచిపోతుంది. నోడ్‌కి అవేవీ అక్కర్లేదు, దానివల్ల పైసా కూడా రాదు. అది చేసేది ఒక్కటే పని. 2009 జనవరి 3 నాటి మొదటి బ్లాకు నుంచి ఇప్పటిదాకా ఉన్న ప్రతి లావాదేవీని డౌన్‌లోడ్ చేసుకుని, అది రూల్స్ ప్రకారం ఉందో లేదో తనే చూసుకుంటుంది. ఆ చిట్టా మొత్తం ఇప్పుడు 600 జీబీ దాటింది.

600 జీబీ అంటే డిస్క్‌కి అంత కష్టమా? నిజానికి కాదు. వరసగా రాసుకుంటూ పోతే సెకనుకి 100 ఎంబీ రాసే డిస్క్‌కి అది రెండు గంటల లోపు పని. ప్రాసెసర్‌కి కూడా పెద్ద ఇబ్బంది లేదు. పాత బ్లాకుల్లో సంతకాల చెకింగ్‌ని బిట్‌కాయిన్ కోర్ మామూలుగా వదిలేస్తుంది. నేను చూసినప్పుడు ప్రాసెసర్ 30 శాతం దగ్గర ఖాళీగా కూర్చుంటే, డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర ఉంది.

మరి ఆ మోత దేనికి?

నాన్న షాపులో గోడకి ఒక ఇనప కొక్కెం ఉంటుంది. బాకీ చీటీలన్నీ దానికే గుచ్చుతారు. డబ్బు రాగానే ఆ చీటీ వెతికి, పీకి, చింపేస్తారు. బిట్‌కాయిన్‌లోనూ దాదాపు ఇంతే. ఫలానా వాళ్ళ బ్యాలెన్స్ ఇంత అని ఎక్కడా రాసి ఉండదు. ఇంకా ఖర్చు కాని చీటీలు మాత్రమే ఉంటాయి. వాటిని యూటీఎక్స్‌వోలు అంటారు. ఎవరైనా డబ్బు పంపితే పాత చీటీ వెతికి తీసేయాలి, కొత్త చీటీలు గుచ్చాలి. పాత చీటీ దొరక్కపోతే ఆ లావాదేవీ చెల్లదు. ఒకే డబ్బు రెండుసార్లు ఖర్చు కాకుండా ఆపేది ఈ వెతుకులాటే. ఇలాంటి చీటీలు కోట్లలో ఉన్నాయి. డిస్క్ మీద అవి 10 జీబీ పైనే.

ఇప్పుడు లెక్క వేద్దాం. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్‌లో ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. ముల్లు సరైన చోటికి జరగడం, ఆ చోటు ముల్లు కిందికి రావడం కలిపితే ఒక్కో వెతుకులాటకి సుమారు 12 మిల్లీసెకన్లు. అంటే సెకనుకి 80 చీటీలు. ఈమధ్య బ్లాకుల్లో 3,000 లావాదేవీలు ఉండటం మామూలే. ఒక్కోదానికి రెండు చీటీలు అనుకుంటే 6,000 వెతుకులాటలు, అంటే 75 సెకన్లు. ఇలాంటివి ఒక లక్ష బ్లాకులైతే 87 రోజులు! మొత్తం బ్లాకులు 9 లక్షలు దాటాయి. అదృష్టం కొద్దీ 2009 నాటి బ్లాకుల్లో చాలావాటిలో ఒక్కటే లావాదేవీ ఉంటుంది. అందుకే మొదటి ఏళ్ళు పరుగెత్తి, తర్వాతవి నత్తనడక నడిచాయి.

చీటీల్లో కొన్నిటిని ర్యామ్‌లో పెట్టుకుంటే డిస్క్‌కి శ్రమ తగ్గుతుంది. నా వెర్షన్‌లో దానికి డిఫాల్ట్ 450 ఎంబీ. నేను తెలివిగా 3,000 చేశాను. 4 జీబీ ర్యామ్‌లో విండోస్‌కి చోటు మిగల్లేదు. అది తన సామాను తీసుకెళ్ళి అదే డిస్క్ మీద పడేసింది. మోత రెట్టింపైంది. ఆ మధ్యాహ్నమే కరెంటు పోయింది. ర్యామ్‌లో ఉన్నది డిస్క్‌కి చేరకముందే అంతా ఆగిపోయింది. తిరిగి ఆన్ చేస్తే డేటాబేస్ పాడైందన్నారు సిస్టమ్‌గారు. డౌన్‌లోడ్ చేసిన బ్లాకులు ఉన్నాయి కానీ, చెకింగ్ మళ్ళీ మొదటి బ్లాకు నుంచి.

అప్పుడు డిస్క్ హెల్త్ రిపోర్ట్ తీసి చూశాను. చెడిపోయి పక్కకి మార్చిన సెక్టర్లు 8 అని ఉంది. నోడ్ పెట్టేముందు 0. పాత డిస్కే, తప్పంతా నోడ్‌దే అని చెప్పలేను. కానీ అందులో నాలుగేళ్ళ షాపు లెక్కలున్నాయి, బ్యాకప్ లేదు. ఆ రాత్రి అన్నీ పెన్ డ్రైవ్‌లోకి కాపీ అయ్యేదాకా నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత నా పాత ల్యాప్‌టాప్‌లోంచి 128 జీబీ ఎస్‌ఎస్‌డీ పీకి డెస్క్‌టాప్‌కి పెట్టి, నోడ్‌ని దాని మీదికి మార్చాను. ఎస్‌ఎస్‌డీలో ముల్లు లేదు, తిరిగేదీ లేదు. సెకనుకి వేల చీటీలు తీసిస్తుంది. చోటు చాలదు కాబట్టి ప్రూన్ మోడ్ పెట్టాను. అన్ని బ్లాకులూ చెక్ చేస్తుంది, చెక్ అయిన పాతవి పారేస్తుంది. ఇతరులకి పాత బ్లాకులు ఇవ్వలేదు, అంతే.

ఇంకో మాట. 2015 నుంచి 2017 దాకా బ్లాకు సైజు పెంచాలా వద్దా అని బిట్‌కాయిన్ వాళ్ళలో పెద్ద గొడవ జరిగింది. పెంచితే ఫీజు తగ్గుతుందని ఒక వర్గం, పెంచితే ఇంట్లో నోడ్ నడపలేమని ఇంకో వర్గం. 2017 ఆగస్టు 1న ఒక వర్గం విడిపోయి 8 ఎంబీ బ్లాకులతో బిట్‌కాయిన్ క్యాష్ మొదలుపెట్టింది. చదివినప్పుడు ఇదంతా నాకు పాలిటిక్స్‌లా అనిపించింది. కానీ నా 75 సెకన్లని ఎనిమిదితో గుణించి చూడండి. 600 సెకన్లు, అంటే పది నిమిషాలు. కొత్త బ్లాకు వచ్చేది కూడా సగటున పది నిమిషాలకే. అంటే నిండు బ్లాకులైతే నాన్న డిస్క్ లాంటిది ఎప్పటికీ అందుకోలేదు. పెద్ద సర్వర్లున్న వాళ్ళు చెక్ చేస్తారు, మిగతావాళ్ళు నమ్ముతారు.

ఇదంతా నాన్నకి చెప్పాను. "ఎంతొస్తుందిరా దీనివల్ల?" అన్నారు.

"ఏమీ రాదు నాన్నా. లెక్క సరిగ్గా ఉందో లేదో మనమే చూసుకోవచ్చు."

హోల్‌సేల్ వాళ్ళు పంపే ప్రతి బిల్లునీ కాలిక్యులేటర్ పెట్టుకుని మళ్ళీ కూడే మనిషి ఆయన. కాసేపు ఆలోచించి, "చూసుకో. కానీ నా డిస్క్ జోలికి రాకు" అన్నారు.