కప్పు కట్టు చేతులు

భిలాయి నగరమునకు సముద్రముతో చుట్టరికము లేదు. ఛత్తీస్‌గఢ్ మైదానము నడుమ, శివనాథ నదికి చేరువగా వెలసిన ఈ ఉక్కునగరమునుండి తెలుగువారి కడలియొడ్డు చేరవలెనన్నచో రాయపూరు, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురముల మీదుగా రాత్రియంతయు రైలుప్రయాణము చేయవలసి యున్నది. అయినను బంగాళాఖాతమున వాయుగుండము బలపడుచున్నదను వార్త వెలువడిననాడు ఖుర్సీపారు వాడలలోను, క్యాంపులలోను, సెక్టార్ల క్వార్టర్లలోను తెలుగిండ్ల దీపములు తెల్లవారుదాక ఆరవు. 1955లో సోవియట్ దేశముతో ఒడంబడిక కుదిరి, 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిన ఆ తొలిదినములనుండియు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము సీమలనుండి ఖలాసీలుగను, తాపీపనివారుగను, వెల్డర్లుగను వచ్చి ఇచట స్థిరపడిన కుటుంబము లెన్నియో కలవు. వారి మనుమలకు భిలాయియే జన్మభూమి యైనను అమ్మమ్మగారి యిల్లు మాత్రము నేటికిని పలాస చెంతనో, సోంపేట చెంతనో, భీమిలి చెంతనో యున్నది.

2014 అక్టోబరు 12న విశాఖపట్టణముపై విరుచుకుపడిన హుద్‌హుద్ తుఫాను వాయవ్యదిశగా సాగి, ఒడిశాను దాటి, ఛత్తీస్‌గఢ్ మీదుగా బలము తగ్గుచు పోయి, రెండు దినముల పిమ్మట నేపాళమునందలి అన్నపూర్ణా శిఖరముల యొద్ద మంచుతుఫానుగా మారి, నలుబదిమందికి పైగా ప్రాణములు గొనెను. విశాఖలో ఇనుపస్తంభములను వంచివేసిన ఆ గాలియే భిలాయికి వచ్చుసరికి ముసురువానగా మాత్రమే కురిసినది. మరి నాలుగేండ్లకు, 2018 అక్టోబరు 11వ తేదీ వేకువజామున పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ, ఉద్దానమునందలి కొబ్బరి, జీడి, పనస తోటలను వేళ్లతో పెకలించి, ఆ నీడను నమ్ముకొని కట్టుకొన్న యిండ్ల కప్పులను ఎగురగొట్టినది. ఈ రెండు తుఫానులలోను భిలాయి తెలుగువారు ఊరకుండలేదు. ఎవరి బంధువులకు వారు డబ్బు పంపిరి, బట్టలు పంపిరి, చాలమంది స్వయముగా పోయి చూచి వచ్చిరి.

మొదటి వారములో కావలసినవి బియ్యము, మంచినీరు, దుప్పట్లు, కొవ్వొత్తులు. వీనిని మోసికొని లారీలు వచ్చును, వార్తాపత్రికలవారు వత్తురు, మంత్రులు వత్తురు. పది పదునైదు దినములు గడచునప్పటికి లారీలు తిరుగుముఖము పట్టును. అటుపిమ్మట మొండిగోడల నడుమ, టార్పాలిను గుడ్డ క్రింద, తడిసిన పొయ్యి యెదుట మిగిలియుండునది ఇల్లాలు. ఆమెకు అప్పుడు కావలసినది ఇంకొక దుప్పటి కాదు, కప్పు. ఆ కప్పును నిలువబెట్టుటకు నెలలు పట్టును, ఊరిలో ఉన్న ఒకరిద్దరు వడ్రంగులును, తాపీమేస్త్రులును ఒక్కమారుగా వందల యిండ్ల పని అందుకొనలేరు, కూలి రెట్టింపగును, పేదవాని వంతు చిట్టచివరకు వచ్చును. ఈ రెండవ ఘట్టమున నిలిచి పనిచేయు వారినిగూర్చి, అందును క్రైస్తవసంఘముల తరఫున ఉచితముగ చేతిపని చేయుటకు పోవు స్వచ్ఛందసేవకులనుగూర్చి చెప్పవలెననియే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

గాలి యింటినెట్లు కూల్చునో ముందు తెలిసికొనవలెను. గాలివేగము రెట్టింపైనచో దాని ఒత్తిడి నాలుగు రెట్లగును. మన దేశపు కట్టడముల ప్రమాణపత్రమునందు రాయపూరునకు సెకనుకు 39 మీటర్ల గాలివేగమును, విశాఖపట్టణమునకు 50 మీటర్ల వేగమును లెక్కలోనికి తీసికొనుమని యున్నది. అంకెలలో భేదము స్వల్పముగ తోచినను ఒత్తిడిలో అది ఒకటిన్నర రెట్లకు మించిన భేదము. గాలి కప్పును పైనుండి అణచివేయునని మనము తలతుము గాని, జరుగునది దానికి విరుద్ధము. వాలు తక్కువగానున్న కప్పుమీదుగా గాలి దూసికొనిపోవునపుడు కప్పును అది పైకి లాగును; అదేసమయమున ఎదురుగాలివైపు తలుపో కిటికీయో ఊడినచో లోపల చొరబడిన గాలి క్రిందినుండి పైకి త్రోయును. ఈ రెండు బలముల నడుమ చిక్కిన కప్పు, గోడకు గట్టిగ కట్టుబడి యుండనిచో, మూతవలె లేచిపోవును. కప్పు పోయిన మట్టిగోడ పైవాననీటికి నాని రాత్రికి రాత్రియే కూలును. కావున ఇల్లు నిలుచుటయు కూలుటయు గోడబలముకంటె, కప్పునకును గోడకును నడుమనున్న ముడిపై ఎక్కువగ ఆధారపడియున్నవి.

ఉత్తరాంధ్ర తీరమునందలి పూర్వులకు ఈ సంగతి తెలిసియే యుండవలెను. శ్రీకాకుళము, విజయనగరము పల్లెలలో నేడు అరుదైపోయిన చుట్టిల్లును చూచినవారికి ఇది బోధపడును. గుండ్రని మట్టిగోడ, నడుమ నిట్రాడు, దానినుండి నలుదిక్కులకు దిగు వాసములు, నేలను తాకునంత దిగువకు వచ్చిన తాటాకుల చూరు. గాలికి కొట్టుటకు ఒక మూలగాని, పట్టుకొని లాగుటకు ఒక అంచుగాని అందు దొరకదు. దాని స్థానమున వచ్చిన రెండువాలుల రేకుటిల్లు ఎండకు మాడ్చుటయే కాక, గాలికి మిక్కిలి లోకువైనది. నునుపైన మేకుతో దూలమునకు కొట్టిన రేకును నాలుగుమార్లు గాలి ఊపినచో మేకు వదులై వెలికివచ్చును; ఎగిరిన రేకు మరియొక యింటివాని మెడకు కత్తియగును.

ఇల్లు బాగుచేయుటకు పోవు సేవకుడు నేర్వవలసిన మొదటి పాఠ మిదియే. రేకును మేకుతో కొట్టరాదు. దూలమును చుట్టి పట్టుకొను కొక్కెపు బోల్టుతో, నట్టు క్రింద వాషరు వేసి బిగింపవలెను. అంచుల యొద్దను, కొప్పు యొద్దను బోల్టులు మరింత దగ్గరగ నుండవలెను, ఏలయన గాలి మొదట లాగునది అచటనే. తాటాకు కప్పైనచో వాసమును గోడపై ఊరక ఆనించి విడువక, గోడలో పాతిన గుంజకు తాడుతోనో తీగతోనో పెనవేసి కట్టవలెను. చూరు గోడను దాటి మిక్కిలి ముందునకు రారాదు. వాసముల నడుమ ఏటవాలుగ ఒక వెదురుబద్ద కట్టినచో చట్రమంతయు ఒరిగిపోకుండ నిలుచును. పక్కాగోడ కట్టునపుడు తలుపుల పైమట్టమున ఇంటిచుట్టును తెగకుండ ఒక కాంక్రీటు పట్టీ పోసి, అందలి ఇనుపకడ్డీల కొసలను పైకి విడిచి, కప్పుదూలములను వానికి కట్టవలెను. ఇదంతయు విజ్ఞానశాస్త్ర రహస్యము కాదు. ఒకమారు చూపినచో పదునెనిమిదేండ్ల కుర్రవాడు నేర్చికొనగలడు. కాని చూపువాడొకడు ఉండవలెను.

భిలాయిలో అట్టివారు కొదవ లేరు. బరువైన యంత్రమును గొలుసుతో ఎత్తి వెంట్రుకవాసి తప్పకుండ దించుట ఖలాసీ వృత్తి. ముడి ఎచట వేయవలెనో, ఏ ముడి జారునో, ఏది బిగియునో అతనికి పుస్తకము చెప్పనక్కరలేదు. కడ్డీలను ఉత్పత్తిచేయు కర్మాగారములో బ్రతుకు గడపినవానికి ఉప్పుగాలి తగిలిన ఇనుము ఎట్లు పొంగి కాంక్రీటును చీల్చునో, కడ్డీపై తగినంత మందమున సిమెంటు కప్పి యుండుట ఎంత అవసరమో, సముద్రపుటిసుకతోను చవిటినీటితోను కలిపిన కాంక్రీటు ఎంత మోసమో తెలియును. ఇట్టివారు ఉద్యోగవిరమణ చేసి, ఆదివారము తెలుగు ఆరాధనకు వచ్చి, వెనుక బల్లమీద కూర్చుండియున్నారు. తెలుగు క్రైస్తవసంఘములు ఎచట నున్నను స్త్రీలు వంటకు ఎసరు పెట్టునపుడెల్ల ఒక గుప్పెడు బియ్యము విడిగ తీసి కుండలో పోసి, ఆదివారమున దేవాలయమునకు తెచ్చి సమర్పించుట ఒక ఆచారము. ఆ గుప్పెటిబియ్యముతో ఎందరో అనాథల కడుపు నిండినది. దానితోపాటు ఆ ముసలి ఖలాసీ చేతులను గూడ సంఘము సమర్పణగా స్వీకరించి తీరమునకు పంపవలెనని నా ప్రార్థన.

ఇది క్రొత్త మార్గము కాదు. 1969 మే నెలలో ఆంధ్రతీరమున తుఫాను వచ్చినపుడు, అంతకుముందు బీహారు క్షామమున సేవచేసిన మైకేల్ విండే అను బెల్జియము దేశపు జెసూటు గురువు గుంటూరు సీమకు వచ్చి, అదే యేట విలేజ్ రీకన్‌స్ట్రక్షన్ ఆర్గనైజేషన్ అను సంస్థను స్థాపించెను. విడివిడిగ ఇండ్లను అతుకుట ఆయనకు తృప్తి నీయలేదు. కూలినది ఊరు గనుక కట్టవలసినదియు ఊరే యని ఆయన తలచెను. ఇండ్లు కావలసినవారే ఇటుకలు మోసిరి, బావులు త్రవ్విరి, చెట్లు నాటిరి, నడుమ పదిమంది కూర్చుండుటకు ఒక చోటు విడిచిరి. వేసవి సెలవులలో ఐరోపానుండి యువతీయువకులు శిబిరములకు వచ్చి, ఊరివారితో కలిసి ఎండలో ఇటుకలందించిరి. 2009లో ఆయన కన్నుమూయునాటికి ఆ సంస్థ చేయి పడిన పల్లెలు వందలకొలది.

1977 నవంబరు 19న దివిసీమపై లేచిన ఉప్పెననుగూర్చి తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. పదివేలమందికి పైగా మరణించిన ఆ ఘోరము పిమ్మట రామకృష్ణ మిషను మొదలుకొని ఎన్నియో సంస్థలు ఇండ్లు కట్టినవి. దేశవిభజన నాటి శరణార్థుల కొరకు 1947లో క్రైస్తవసంఘములు ఏర్పరచుకొన్న కాసా అను సంస్థ తీరమున తుఫాను షెల్టర్లను గూడ నిర్మించినది. ఎత్తైన స్తంభములపై నిలిచిన ఆ భవనములు మామూలు దినములలో బడులుగను, సమావేశ మందిరములుగను ఉపయోగపడుచు, ఆపదవేళ ఊరి ప్రాణములను దాచినవి. 1990 మే 9న ఇంచుమించు అదే తీరముపై మహాతుఫాను వచ్చినపుడు, హెచ్చరికలు ముందుగ అందుటవలనను, లక్షలాది జనులను తరలించుటవలనను, తలదాచుకొనుటకు అట్టి చోట్లు ఉండుటవలనను, మృతుల సంఖ్య వేయి దాటలేదు.

ఇచట ఒక మాట చెప్పక తప్పదు. డెల్టా పల్లెలలో క్రైస్తవులు అధికభాగము దళితపేటలవారు. పేట యుండునది ఊరికి దిగువన, మురుగుకాలువ ప్రక్కన. నీరు మొదట చేరునదియు, చివర వదలునదియు అచటనే. కావున తీరమున సంఘసేవకులనగా బయటినుండి దయతలచి వచ్చిన ధనికులని ఎవరును భ్రమపడరాదు. పలుతావుల కాపరి యిల్లే కూలియుండును, పొరుగువాని వాసము లేపు పడుచువాని సొంత వాసము ఇంకను నేలపై పడియుండును. వారికి తోడుపోవువారు తమ్ములవలె పోవలెను గాని దాతలవలె పోరాదు.

భిలాయికి బస్సుదూరముననే ఉన్న ధమ్తరి పట్టణమునకు ఈ విషయమున ఒక విశిష్టత కలదు. 1899లో, క్షామదినములలో, అమెరికానుండి మెన్నొనైటు మిషనరీలు అచటికి వచ్చి అనాథలను చేరదీసిరి. వారు నెలకొల్పిన ఆసుపత్రి నేటికిని జనులకు సేవచేయుచున్నది. మెన్నొనైటులు ఆయుధము పట్టరాదని నమ్మిన శాంతివాదులు. తెలుగునాటికి గూడ వీరు కొత్తవారు కారు. రష్యా సామ్రాజ్యమునుండి వచ్చిన ఆబ్రహాము ఫ్రీసన్ అను మెన్నొనైటు 1889లోనే భారతదేశమునకు చేరి నల్లగొండలో పనిచేసెను. వీరి సోదరసంఘములవారే 1950లో అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమున మెన్నొనైట్ డిజాస్టర్ సర్వీస్ అను సేవాసంస్థకు పాదువేసిరి. రైతులు, వడ్రంగులు, విశ్రాంత ఉపాధ్యాయులు తమ పనిముట్లను తామే తెచ్చుకొని, దేవాలయపు హాలులో పరుండి, వంతులవారీగ వంటచేసికొని, హరికేను దెబ్బతిన్న యిండ్లను బాగుచేయుదురు. 2005 ఆగస్టులో కత్రీనా హరికేను తీరమును ధ్వంసము చేసినపుడు, పత్రికలవారు వెడలిపోయిన పిదప ఏండ్ల తరబడి అచట నిలిచినవారిలో వీరును ఉన్నారు. వృద్ధులు, వికలాంగులు, బీమా లేని పేదలు వారికి మొదటివారు. తెలుగు గడ్డకు వచ్చినచో, పేదల గృహనిర్మాణమునకై 1976లో అమెరికాలో పుట్టిన హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ సంస్థ భారతదేశమున తన పనిని 1983లో మన ఖమ్మముననే ప్రారంభించినది.

ఎవరి యిల్లు ముందు కట్టవలెనను ప్రశ్నకు మెన్నొనైటుల క్రమమే నాకు న్యాయముగ తోచుచున్నది. ముసలిది, విధవరాలు, కాలుచేయి లేనివాడు, వలస పోయిన కొడుకుల తల్లి ముందు. వా రే దేవునికి మ్రొక్కుదురో అడుగరాదు. కప్పు ఎక్కినవాడు క్రిందనున్నవారిని ప్రార్థనకు పిలిచినచో అది సేవ కాదు, బేరము. ఆపదలో నున్నవాని విశ్వాసమును ధరకట్టి కొనుట అతనికిని అవమానము, తన దేవునికిని అవమానము.

ఇక సుత్తితో తీరని చిక్కు ఒకటి కలదు. కాలువగట్టు పోరంబోకుపై పట్టా లేకుండ వేసికొన్న గుడిసెకు పరిహారము జాబితాలో తావు దొరకుట దుర్లభము. సేవకులు దానిని ఎంత గట్టిగ కట్టినను మరునాడు గట్టు వెడల్పు చేయవచ్చిన యంత్రము దానిని తొలగింపవచ్చును. కావున భిలాయినుండి పోవు బృందములో ఒక తాపీమేస్త్రి, ఒక వెల్డరు, ఇద్దరు ఖలాసీలు, పదిమంది పడుచువాండ్రతో పాటు అర్జీ వ్రాయగల ఒక విశ్రాంత గుమాస్తా గూడ ఉండవలెను. తక్కినవారు కప్పెక్కి యుండగా ఆయన మండల కార్యాలయపు మెట్లెక్కి, నివేశనస్థలము కాగితము ఆ యిల్లాలి పేర వచ్చువరకు పట్టువిడువక తిరుగవలెను. వీరందరు బయలుదేరుటకు తగిన కాలము సంక్రాంతి వెళ్లిన పిదప, ఎండలు ముదురకముందు. పల్లెలలో తాటాకు కొట్టుటయు అప్పుడే, దారులారి ఇటుకబండ్లు పేటలోపలిదాక పోగలుగుటయు అప్పుడే. అక్టోబరు గాలులకు ఇంకను ఏడెనిమిది నెలల గడువుండును.