గడప దాకా భోజనం.. భారం ముగ్గురిపై!
విజయవాడ కుర్రాడి ఆలోచనతో ఎదిగిన స్విగ్గీ
హోటళ్లకు కమీషన్‌ బెంగ, కుర్రాళ్లకు బతుకు బెంగ

విజయవాడ: రాత్రి ఎనిమిది గంటలు దాటితే బెంజిసర్కిల్‌ పరిసరాల్లోని హోటళ్ల ముంగిట కొందరు యువకులు నిరీక్షిస్తూ కనిపిస్తారు. ఒంటిపై నారింజ లేదా ఎరుపు రంగు చొక్కా, వీపున చదరపు సంచి, చేతిలో సెల్‌ఫోను. వారు భోజనానికి వచ్చిన వారు కారు. ఇతరుల భోజనాన్ని మోసుకు వెళ్లేందుకు వచ్చిన వారు. 2014కు ముందు ఈ దృశ్యం రాష్ట్రంలో ఎక్కడా లేదు. నేడు చిన్న పట్టణాలకు సైతం పాకిన ఈ వ్యాపారం వెనుక విజయవాడకు చెందిన యువకుడి కృషి ఉండటం విశేషం. అయితే వ్యాపారం పెరిగినంత వేగంగా అందులోని లాభం అందరికీ చేరిందా అన్నదే ఇప్పుడు చర్చనీయాంశమైంది.

తొలి యత్నం విఫలం
విజయవాడకు చెందిన శ్రీహర్ష మాజేటి బిట్స్‌ పిలానీలో ఇంజినీరింగ్‌, కోల్‌కతా ఐఐఎంలో మేనేజ్‌మెంట్‌ విద్య అభ్యసించారు. లండన్‌లో ఉద్యోగాన్ని విడిచి స్వదేశానికి వచ్చారు. బిట్స్‌లో చదివిన నందన్‌రెడ్డితో కలిసి 2013లో చిన్న వర్తకుల సరకును కొరియర్‌ సంస్థలకు అనుసంధానం చేసే ‘బండిల్‌’ను ప్రారంభించారు. అది నిలదొక్కుకోలేదు. సరకు చేరవేతలో ఎదురైన ఇబ్బందులను దగ్గర నుంచి చూసిన ఇద్దరూ ఐఐటీ ఖరగ్‌పూర్‌ పట్టభద్రుడు రాహుల్‌ జైమినిని కలుపుకొని 2014 ఆగస్టులో బెంగళూరులోని కోరమంగళలో స్విగ్గీకి శ్రీకారం చుట్టారు.

అప్పటికే ఈ రంగంలో పలు సంస్థలు ఉన్నాయి. 2008లో ఫుడీబే పేరుతో దిల్లీ ప్రాంత హోటళ్ల మెనూ కార్డులను వెబ్‌సైట్‌లో ఉంచిన సంస్థే తరువాత జొమాటోగా మారింది. మరికొన్ని సంస్థలు వినియోగదారుడి ఆర్డరును హోటలుకు తెలియజేసి ఊరుకునేవి. పార్శిల్‌ను ఇంటికి చేర్చే పని హోటలుదే. సొంతంగా కుర్రాళ్లను, వాహనాలను పెట్టుకోగలిగిన హోటళ్లు ఎన్ని ఉంటాయి? స్విగ్గీ పట్టుకున్న కీలకం ఇదే. చేరవేసే కుర్రాళ్లను తానే సమకూర్చుకుంది. ఏ కుర్రాడు ఏ వీధిలో ఉన్నాడో, ఏ హోటలులో వంట ఎప్పటికి సిద్ధమవుతుందో కంప్యూటర్‌ లెక్కగట్టి పని అప్పగించే ఏర్పాటు చేసింది. దీంతో నాలుగు బల్లలున్న చిన్న హోటలు సైతం నగరమంతటికీ వంట అందించే వీలు కలిగింది. జొమాటో కూడా 2015లో ఇంటికి చేరవేసే వ్యాపారంలోకి దిగింది.

పెట్టుబడుల వరద
2015లో యాక్సెల్‌ తదితర సంస్థలు స్విగ్గీలో తొలి పెట్టుబడి పెట్టాయి. దక్షిణాఫ్రికాకు చెందిన నాస్పర్స్‌ నాయకత్వంలో 2018 డిసెంబరులో ఏకంగా వంద కోట్ల డాలర్లు వచ్చి చేరాయి. ఆ సొమ్ముతో సంస్థ పట్టణం వెంట పట్టణానికి విస్తరించింది. ఈలోగా పోటీదారులు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఉబెర్‌ సంస్థ తన భారత ఆహార వ్యాపారాన్ని 2020 జనవరిలో జొమాటోకు అప్పగించింది. ఫలితంగా దేశంలో ఈ రంగం ప్రధానంగా రెండు సంస్థల చేతికి చిక్కింది.

జొమాటో 2021 జులైలో, స్విగ్గీ 2024 నవంబరు 13న స్టాక్‌ మార్కెట్లలో అడుగుపెట్టాయి. జొమాటో మాతృ సంస్థ పేరు 2025లో ఎటర్నల్‌గా మారింది. స్విగ్గీ ఒక్కో షేరును రూ.390కి విక్రయించి సుమారు రూ.11,327 కోట్ల ఇష్యూను పూర్తి చేసింది. అయినా నష్టాలు వీడలేదు. 2023-24లో రూ.2,350 కోట్లుగా ఉన్న నష్టం 2024-25లో రూ.3,117 కోట్లకు చేరింది. నిమిషాల్లో కిరాణా సరకులు అందించే ఇన్‌స్టామార్ట్‌ కోసం పెడుతున్న ఖర్చు ఇందుకు ముఖ్య కారణం.

హోటలుకు మిగిలేదెంత?
ఆర్డరుపై హోటలు చెల్లించే కమీషన్‌ ఒప్పందాన్ని బట్టి మారుతుంది. ఉదాహరణకు రూ.300 విలువైన బిరియానీపై 20 శాతం కమీషన్‌ అనుకుంటే రూ.60 తగ్గుతుంది. ఆ కమీషన్‌పై 18 శాతం జీఎస్టీ మరో రూ.10.80. ఐదు శాతం జీఎస్టీ విధానంలో ఉన్న హోటళ్లకు ఈ పన్ను తిరిగి జమ కాదు. మిగిలేది రూ.229.20. బియ్యం, మాంసం, గ్యాస్‌, వంటవారి జీతం, అద్దె అన్నీ అందులోనే. రాయితీలో వాటా, యాప్‌లో పేరు పైన కనిపించేందుకు ఇచ్చే ప్రకటన సొమ్ము అదనం. అందువల్లే పలు హోటళ్లు యాప్‌లో ఒక ధర, హోటలులో మరో ధర పెడుతున్నాయి. అంతిమంగా ఆ భారం వినియోగదారుడిపైనే పడుతోంది. దీనికి తోడు 2023లో ఆర్డరుకు రూ.2తో మొదలైన ప్లాట్‌ఫాం రుసుం ఆ తరువాత అనేకమార్లు పెరిగింది. చేరవేత చార్జీపై 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం జీఎస్టీ అమలులోకి వచ్చింది.

హోటళ్ల అసంతృప్తి పలుమార్లు బయటపడింది. జాతీయ రెస్టారెంట్ల సంఘం ఫిర్యాదుపై 2022 ఏప్రిల్‌లో కాంపిటీషన్‌ కమిషన్‌ రెండు సంస్థలపైనా విచారణకు ఆదేశించింది. చెల్లింపుల్లో జాప్యం తదితర కారణాలతో 2024 అక్టోబరు 14 నుంచి స్విగ్గీకి విక్రయాలు నిలిపివేయాలని రాష్ట్ర హోటళ్ల సంఘం నిర్ణయించింది. చర్చల అనంతరం వెనక్కి తగ్గింది. తమ వంట తినే వారెవరో, వారి ఫోను నంబరేమిటో తమకే తెలియకపోవడం హోటళ్ల మరో ఆవేదన. యాప్‌ను వీడితే గిరాకీ కూడా వెళ్లిపోతుందన్న భయమే వారిని కట్టిపడేస్తోంది.

‘భాగస్వామి’కి భద్రత ఏదీ?
చేరవేసే కుర్రాడిని ఈ సంస్థలు ఉద్యోగిగా కాక భాగస్వామిగా పిలుస్తాయి. అంటే నెల జీతం లేదు. ఆర్డరును బట్టి సొమ్ము. బండి అతడిదే, పెట్రోలూ అతడిదే. ఆర్డరు రాని గంటకు విలువ లేదు. సంస్థలు ప్రమాద బీమా కల్పిస్తున్నా భవిష్యనిధి వంటివి అందని ద్రాక్షే. ఇటువంటి పనుల్లో 2020-21లో 77 లక్షల మంది ఉన్నారని, 2029-30 నాటికి వారి సంఖ్య 2.35 కోట్లకు చేరుతుందని నీతి ఆయోగ్‌ 2022లో అంచనా వేసింది. మెరుగైన వేతనం, భద్రత కోరుతూ 2025 డిసెంబరు 31న కార్మిక సంఘాలు దేశవ్యాప్త సమ్మెకు పిలుపునిచ్చిన విషయం విదితమే.

కొంత ఊరట లేకపోలేదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రత కోడ్‌ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. దీని ప్రకారం ఈ సంస్థలు వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతాన్ని కార్మికుల సంక్షేమ నిధికి జమ చేయాలి. అయితే అది కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించరాదు. 2025 కేంద్ర బడ్జెట్‌లో వీరికి ఇ-శ్రమ్‌ నమోదు, గుర్తింపు కార్డులు, పీఎం జన ఆరోగ్య యోజన కింద వైద్య సదుపాయాన్ని ప్రకటించారు. ఆధార్‌తో అనుసంధానమైన సెల్‌ఫోను ఉంటే ఇ-శ్రమ్‌ పోర్టల్‌లో ఎవరికి వారే నమోదు చేసుకోవచ్చు. పేరు నమోదు కాని వారికి పథకాల ఫలం అందడం కష్టమే. కనుక వీధుల్లో తిరిగే ప్రతి కుర్రాడూ ముందుగా చేయవలసిన పని ఇదే.