కొండ ఎక్కే ముందు కాస్త ఆగుదాం

క్రితం ఏడాది సెలవుల్లో పిల్లలతో, అత్తయ్యగారితో కలిసి విశాఖపట్నం నుంచి అరకులోయకు కారులో బయలుదేరాం. సుమారు 115 కిలోమీటర్లే కదా, ఎక్కడా ఆగకుండా వెళ్లిపోదాం అనుకున్నాం. శృంగవరపుకోట దాటి ఘాట్‌రోడ్డు ఎక్కగానే మలుపులకు చిన్నవాడికి వాంతులయ్యాయి. మోకాళ్లు పట్టేసినా అత్తయ్యగారు నోరు విప్పలేదు. తెల్లవారుజామునే లేచి బండి నడుపుతున్న మాకు ఒక్క క్షణం రెప్ప పడింది. కారు రోడ్డు అంచుకు వెళ్లింది. ఆమె కేక వేయకపోతే ఏమయ్యేదో!

ఏలీయా ప్రవక్త హోరేబు కొండకు నడిచిన సంగతి మనకు తెలుసు. అంతకుముందు ఆయన చెట్టు కింద అలసి పడుకున్నాడు. దూత గద్దించలేదు. రెండుసార్లు లేపి తినిపించి, ప్రయాణం పెద్దదని గుర్తుచేశాడు. ప్రవక్తకే అవసరమైన విశ్రాంతి మనకు అక్కర్లేదా?

ఈ ఏడాది బయలుదేరకముందే ఆగే చోట్లు కాగితం మీద రాసుకున్నాం. ఘాట్‌కు ముందు శృంగవరపుకోటలో తేలికపాటి టిఫిను, అందరికీ కాళ్లు చాపుకునే వ్యవధి. అనంతగిరిలో కాఫీ. గాలికొండ దగ్గర చల్లగాలి. నిద్ర వస్తే బండి పక్కన ఆపి పావుగంట కునుకు. దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కకుండా తక్కువ గేరు, మధ్యలో మరో మజిలీ.

గంటన్నర ఆలస్యమైంది. అయితేనేం? ఈసారి అత్తయ్యగారే ముందుగా నోరు తెరిచి, ‘ఇక్కడ కాసేపు ఆపు నాయనా’ అన్నారు. ప్రయాణంలో అందరికంటే నెమ్మదైనవారిని బట్టి మజిలీలు నిర్ణయించుకుందాం. అందరం కలిసి చేరితేనే కదా, చేరినట్టు!